పరాసు కోడలి రెండో రౌండు

పలాస దగ్గర సముద్రపు ఒడ్డునున్న మంచినీళ్లపేటలో మోహినిని ఇప్పటికీ పరాసు కోడలు అనేవాళ్ళున్నారు. పరాసులంటే ఫ్రెంచివాళ్ళు. ఆమె రంగు చూసో, మాట వినో పెట్టిన పేరు కాదది. ముప్పై ఏళ్ళ కిందటెప్పుడో ఎల్లాజీ ఆమెను పెళ్ళి చేసుకుని ఊరికి తెచ్చినప్పుడు, ట్రంకు పెట్టెలో చీరల అడుగున ఒక పాస్‌పోర్టు బయటపడింది. మెరూన్ రంగు అట్ట, మీద బంగారు అక్షరాలు. అత్త తవిటమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేటే పిల్లా, బేంకు పుస్తకమా?"

"కాదత్తయ్యా. నేను ఫ్రెంచి మనిషిని. పుట్టుకతోనే."

తవిటమ్మ కోడలి మొహం చూసింది. కొడుకు మొహం చూసింది. "ఓలమ్మా, మా ఎల్లాజీగోడు దొరసానిని తెచ్చినాడర్రా!" అని వీధంతా వినబడేలా నవ్వింది. పేరు ఆ రోజే పడింది.

మోహినిది యానాం. గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న ఆ చిన్న ఊరు పరాసుల పాలన కింద రెండు వందల ఏళ్ళకు పైగా ఉంది. ఆమె తాత ఫ్రెంచి సైన్యంలో సిపాయి. సైగాన్‌లో పనిచేశాడు. పరాసులు వెళ్ళిపోయి జెండా మారాక, కావాలనుకున్నవాళ్ళు ఫ్రెంచి పౌరులుగానే ఉండిపోవచ్చునంటే సంతకం పెట్టి ఉండిపోయాడు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి మోహినికి ఆ పౌరసత్వం వచ్చింది. దాంతోపాటు ఒక కథ కూడా వచ్చింది. తాత ఒకసారి ఓడలో ఫ్రాన్సులోని మార్సెయ్ రేవుకి వెళ్ళాడట. అక్కడ కాఫీ దుకాణంవాడు ఆయన్ని ఎగాదిగా చూసి, ఆ యూనిఫాం ఎక్కడ కొట్టేశావని అడిగాడట. తాత జేబులోంచి కాగితం తీసి చూపించి, కాఫీ ముట్టకుండా లేచి వచ్చేశాడట. మోహిని తండ్రి ఈ సంగతి ఏడాదికి ఒకసారైనా చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా ఆ కాఫీకి డబ్బులిచ్చాడా లేదా అన్న దగ్గర ఇంట్లో వాదన వచ్చేది.

తండ్రి పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. ఎల్లాజీ ఆ రోజుల్లో ఈ ఉద్దానం తీరపు కుర్రాళ్ళందరిలాగే వలస వెళ్ళి కాకినాడ బోట్ల మీద పనిచేస్తున్నాడు. ఇంజన్ మొరాయించి ఆ షెడ్డుకి వచ్చినప్పుడు, పానా అందిస్తూ నిలబడ్డ అమ్మాయి, "ఈ ఇంజన్‌కి ఆ నూనె పోస్తారా ఎవరైనా?" అని మందలించింది. ఎల్లాజీ ఆ తరవాత అదే తప్పు మరో రెండుసార్లు కావాలని చేశాడు. మూడోసారికి సంగతి ఆమె తండ్రికి అర్థమైంది.

మోహిని ఊళ్ళో త్వరగానే కలిసిపోయింది. ఎండుచేపలు ఆరబెట్టడం నేర్చుకుంది, ఉద్దానం మాట పట్టింది, ఒక కూతుర్ని కని పెంచి పెళ్ళి చేసింది. పదిహేనేళ్ళుగా రోజూ ఆటోలో కాశీబుగ్గ వెళ్ళి జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగు బల్ల దగ్గర కూర్చుంటోంది. గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు. ఆమె వేళ్ళు పప్పును ఏరుతుంటే పక్కవాళ్ళు మాట ఆపి చూసేవారు.

ఒక్క విషయంలో మాత్రం ఆమె ఊరి మనిషి కాలేకపోయింది. ఆమెకు ఓటు లేదు. విదేశీ పౌరురాలిగా ఇక్కడ ఎన్నాళ్ళైనా ఉండటానికి కార్డుంది గానీ, ఆ కార్డు మీద ఓటెయ్యనివ్వరు. ఎన్నికల రోజున ఊరి ఆడవాళ్ళంతా సిరా చుక్క ఆరకుండా వేలు దూరంగా పెట్టుకుని నవ్వుకుంటూ వస్తుంటే, ఆమె వాళ్ళ పిల్లల్ని చూసుకుంటూ అరుగు మీద కూర్చునేది. ప్రచారానికి వచ్చినవాళ్ళు కూడా ఇంటి ముందు నిలబడి, "అమ్మా తవిటమ్మా, అన్నా ఎల్లాజీ" అని దండం పెట్టి, మోహినిని చూసి ఊరికే నవ్వి వెళ్ళిపోయేవారు.

2021లో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఎల్లాజీకి అన్న వరసయ్యే ఢిల్లీబాబు వార్డు మెంబరుగా నిలబడ్డాడు. పోటీలో ముగ్గురు. గెలిచినవాడికి అరవై ఒకటి, ఢిల్లీబాబుకి అరవై, మూడోవాడికి యాభై ఎనిమిది. ఒక్క ఓటు! ఆ రాత్రి అన్నాల దగ్గర ఢిల్లీబాబు నవ్వుతూనే అన్నాడు గానీ, మాట మోహినికి గుచ్చుకుంది.

"మరదలా, నీకో ఓటుంటే నాను గెలిసుందును."

"గెలవవురా" అంది తవిటమ్మ. "సమానమవుద్ది. అప్పుడు ఇద్దరి పేర్లూ రాసి సీటీ తీత్తారు. నీ మొకానికి సీటీ తగుల్తాదా?"

అందరూ నవ్వారు. మోహిని కూడా నవ్వింది. కానీ తనకు ఓటు అసలు లేకపోలేదు. ఎక్కడో ఉంది. ఫ్రాన్సు ఎన్నికలు వచ్చినప్పుడల్లా పుదుచ్చేరిలోని కాన్సులేటు నుంచి కాగితం వస్తుంది. ఆమె ఎప్పుడూ వెళ్ళలేదు. ఒకసారి పిల్లకు జ్వరం, ఒకసారి ఎల్లాజీ సముద్రం మీద ఉన్నాడు, మరోసారి అసలు ఉత్తరమే విప్పలేదు. చూడని దేశానికి ఎవరు రాజైతే నాకేమిటి అనుకునేది.

ఆ ఉత్తరాలు చదివిపెట్టేది జగన్నాథం మాస్టారు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరై, కాశీబుగ్గలో ఫ్యాక్టరీ వెనక వీధిలో ఉంటాడు. ఆయనకు ఫ్రెంచి రాదు. కానీ ఫోన్లో అనువాదం పెట్టి, అర్థం కాని చోట తన సొంత జ్ఞానం కలిపి వివరంగా చెప్పేవాడు. మోహిని మొదటిసారి ఆయన దగ్గరికి కాగితం తీసుకెళ్ళినప్పుడు లేచి నిలబడిపోయాడు.

"ముప్పై రెండేళ్ళు ఫ్రెంచి విప్లవం పాఠం చెప్పానమ్మా. ఫ్రెంచి ఓటరుని చూడటం మాత్రం ఇదే మొదలు. కూర్చో, కూర్చో!"

2022 ఏప్రిల్ పదిన ఫ్రాన్సు అధ్యక్ష ఎన్నిక మొదటి రౌండు అయింది. మోహిని వెళ్ళలేదు. ఏప్రిల్ పదిహేను నుంచి మన తీరంలో వేట నిషేధం. పదిహేడు ఆదివారం పొద్దున్న, ఎల్లాజీ అరుగు మీద వల బాగుచేసుకుంటుంటే, మాస్టారు చేతిలో పేపరుతో స్కూటరు దిగాడు.

"ఆవిడ గెలవదమ్మా మోహినీ. నువ్వేం బెంగపెట్టుకోకు" అన్నాడు కుర్చీలో కూర్చోకముందే.

"నాను బెంగెట్టుకోనేదు మాస్టారూ. ఎవురావిడ?"

మాస్టారు పేపరు మడతపెట్టి, క్లాసు మొదలుపెట్టాడు. మొదటి రౌండులో పన్నెండు మంది నిలబడ్డారు. ఎవరికీ సగం దాటలేదు. అలాంటప్పుడు మొదటి ఇద్దరినీ ఉంచి, రెండు వారాల తరవాత మళ్ళీ ఓట్లు వేయిస్తారు. ఆ మిగిలిన ఇద్దరిలో ఒకరు ఇప్పుడున్న అధ్యక్షుడు. రెండో ఆవిడది తీవ్ర మితవాద పార్టీ. బయటి నుంచి వచ్చినవాళ్ళను తగ్గించాలనీ, ఇల్లయినా ఉద్యోగమైనా ముందు సొంతవాళ్ళకే ఇవ్వాలనీ వాళ్ళ వాదన.

"సొంతోల్లంటే ఎవురు?" అంది మోహిని.

"నువ్వు సొంతదానివేనమ్మా. నీది తాత నుంచి వచ్చిన హక్కు. నీకేం కాదు."

"మా తాత కూడా సొంతోడే గదా మాస్టారూ. జేబులో కాయితం ఉండగానే అడిగినారు ఆయన్ని."

మాస్టారుకి మార్సెయ్ కథ తెలుసు. పేపరు ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ అందుకున్నాడు. "అందుకే చెబుతున్నాను, గెలవదని. ఇరవై ఏళ్ళ కిందట వాళ్ళ నాన్న కూడా ఇలాగే రెండో రౌండు దాకా వచ్చాడు. దేశం దేశమంతా ఒక్కటై ఓడించింది. నూటికి పద్దెనిమిది కూడా రాలేదు. ఐదేళ్ళ కిందట ఈవిడే వచ్చింది. ముప్పై నాలుగు. మొదటి రౌండులో మనసుకి నచ్చినవాడికి వేస్తారు. రెండో రౌండులో అక్కర్లేనివాడిని ఆపడానికి వేస్తారు. అదొక గోడమ్మా. ఆ గోడ దాటడం వాళ్ళ తరం కాదు."

ఎల్లాజీ వల మీంచి తలెత్తాడు. "పద్దెనిమిది. ముప్పై నాలుగు. మూడోపాలి ఎంత మాస్టారూ? నీరు అలగ ఎక్కుతుంటే మేమైతే తెప్పని పైకి లాగేత్తాం."



మూలన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న తవిటమ్మ అందుకుంది. ఆమెకు అప్పటికి డెబ్భై ఏడేళ్ళు. చదువు లేదు. నలభై ఏళ్ళు గంప నెత్తిన పెట్టుకుని టెక్కలి దాకా చేపలమ్మిన మనిషి. "మొన్న మా ఢిల్లీబాబు ఓట్లప్పుడు కూడా ఎవురికీ సగం దాటనేదు గదా మాస్టారూ. ఇక్కడ రెండో రౌండుంటే ఏటయ్యేది?"

"మూడోవాడు తప్పుకునేవాడు. గెలిచినవాడూ, ఢిల్లీబాబూ మళ్ళీ పోటీ చేసేవారు."

"అయితే ఆ మూడోవోడి యాభై ఎనిమిదీ ఎటెల్తాయో అదే లెక్క. మరి ఆ దేశంలో మూడోవోడు ఏటన్నాడు?"

మాస్టారు ఆశ్చర్యంగా పేపరు విప్పాడు. మూడో ఆయన ఒక్క శాతానికి కాస్త ఎక్కువ తేడాతో జారిపోయాడు. ఆవిడకి ఒక్క ఓటూ వెయ్యొద్దన్నాడు. కానీ అవతలి ఆయనకు వెయ్యమని మాత్రం అనలేదు.

"అయితే ఆడు అలిగినాడు" అంది తవిటమ్మ. "అలిగినోడి మనుసులు ఓటుకి రారు, ఇంట్లో కూకుంటారు. మీరు గోడ గోడంటన్నారు, గోడంటే ఇటికలేటి? మనుసులే గదా. మనుసులు కూకుండిపోతే గోడెక్కడుంటాది?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ముప్పై రెండేళ్ళలో ఏ ఇన్‌స్పెక్టరూ తననింత సూటిగా ప్రశ్న అడగలేదని తరవాత చాలామందికి చెప్పాడు.

మోహిని లేచి లోపలికి వెళ్ళి, పెట్టె అడుగు నుంచి పాస్‌పోర్టు తెచ్చింది. గడువు ఇంకా ఉంది. "నానెల్తాను" అంది.

"ఎక్కడికే?" అన్నాడు ఎల్లాజీ.

"పుదుచ్చేరి. ఓటెయ్యడానికి."

"ఒక్కదానివా?"

"నానూ ఎల్తాను" అంది తవిటమ్మ, వెల్లుల్లి చేట పక్కన పెడుతూ. "ఇరవై ఎనిమిదేళ్ళు నా ఓటుకి ఈ పిల్ల పిల్లల్ని కాసింది. దీని ఓటుకి నాను ఎల్లొద్దేటి?"

"మరి నా కూడు?"

"ఏటకెల్లేది లేదు, ఏటీ లేదు. వొండుకో."

ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు సెలవు చీటీ చూసి, కారణం అన్నచోట "ఫ్రాన్సు అధ్యక్షుని ఎన్నిక" అని ఉండటంతో రెండుసార్లు చదువుకున్నాడు. జీడిపిక్కల సీజను కాబట్టి మామూలుగా అయితే ఇవ్వడు. ఈ చీటీని మాత్రం ఫోటో తీసుకుని, సంతకం పెట్టి ఇచ్చేశాడు. బల్ల దగ్గర ఆడవాళ్ళు ప్రయాణానికని మురీలు, చేగోడీలు కట్టి ఇచ్చారు.

శుక్రవారం పొద్దున్న పలాసలో చెన్నై మెయిలెక్కారు. తవిటమ్మ విశాఖపట్నం దాటి దక్షిణానికి వెళ్ళడం అదే మొదటిసారి. రాజమండ్రి వంతెన మీద రైలు నెమ్మదించగానే అత్తాకోడళ్ళిద్దరూ తలుపు దగ్గర నిలబడ్డారు. "ఈ నీల్లే ఎల్లి మీ ఊరికాడ కలుత్తాయా?" అని అడిగి, జాకెట్టులోంచి రూపాయి తీసి గోదాట్లో వేసింది. శనివారం తెల్లారుతూ చెన్నైలో దిగి, బస్సులో సముద్రం పక్కనుంచి పుదుచ్చేరి చేరి, బస్టాండు దగ్గర చిన్న లాడ్జిలో గది తీసుకున్నారు.

సాయంత్రం ఒడ్డుకి వెళితే తవిటమ్మకి కోపం వచ్చింది. అక్కడ ఇసక లేదు. పెద్ద పెద్ద నల్లరాళ్ళు పేర్చి ఉన్నాయి.

"తెప్పలెక్కడ లాగుతారే ఈల్లు?"

"ఇక్కడ లాగరత్తా. ఊరికే నడుత్తారు."

"సముద్రం పెట్టుకుని ఊరికే నడుత్తారా!" అని ఆమె వచ్చేపోయే జనాన్ని జాలిగా చూసింది. తరవాత ఆ రాళ్ళ మీదే కూర్చుని గంటసేపు కదల్లేదు. గాలి బాగుందంది.

ఆదివారం ఎనిమిదింటికల్లా పోలింగు భవనం ముందు ఉన్నారు. పసుపు గోడలు, తెల్ల గీతలు, లోపల మామిడి చెట్టు. గేటు దగ్గర గార్డు తవిటమ్మను ఆపి, తమిళంలో ఏదో అడిగాడు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ప్రశ్న ఏమిటో తెలిసింది. మోహిని భుజం మీద చెయ్యేసి, "నాను కాదు, నా కోడలు. పరాసోల్ల పిల్ల" అంది గర్వంగా. గార్డు నవ్వి, ఆమెకు నీడలో కుర్చీ వేయించాడు.

వరసలో ఇరవై మంది దాకా ఉన్నారు. అందరూ తమిళంలోనో ఫ్రెంచిలోనో మాట్లాడుకుంటున్నారు. మోహినికి ఫ్రెంచి అంటే తాత నేర్పిన ఒకట్లూ, దండాలూ మాత్రమే. బొటనవేళ్ళు నేలకి రాస్తూ నిలబడింది. ఇంతలో ముందున్న పెద్దావిడ వెనక్కి తిరిగింది. తెల్లజుట్టు ముడి, నీలం పట్టంచు చీర, చేతిలో గొడుగు.

"ఏమ్మా, ఆవిడతో తెలుగు మాట్లాడేవు. ఏ ఊరండీ మీది?"

"యానాం పిన్నిగారూ. ఇప్పుడు పలాస కాడ."

"యానాం పిల్లవా! మరి మాటేంటే అలా అయిపోయింది?"

ఇద్దరూ పకపకా నవ్వారు. ఆవిడ పేరు శశికళ. ఆమె కూడా యానాంలోనే పుట్టింది. భర్త ఫ్రెంచి సైన్యంలో పనిచేశాడు. ఫ్రాన్సులో తూలోన్ అనే రేవు పట్టణంలో పాతికేళ్ళుండి, భర్త పోయాక పుదుచ్చేరి వచ్చి స్థిరపడింది. వరస కదిలేలోపు యానాంలో మోహిని ఇల్లూ వాకిలీ, వాళ్ళ వీధి, ఆ వీధి చివర బేకరీ, అన్నీ బయటికొచ్చాయి. బేకరీ దగ్గర వాళ్ళిద్దరికీ దూరపు చుట్టరికం కూడా తేలింది.

"అయితే నువ్వెవరికేస్తున్నావు?" అంది శశికళ గొంతు తగ్గించి. మోహిని జవాబు కోసం ఆగకుండా తనే చెప్పింది. "నేనైతే ఆవిడకేనమ్మా. మా ఆయన చచ్చేదాకా ఆ జెండాకి సెల్యూట్ కొట్టేడు. మాకు ఇల్లు దొరకడానికి ఆరేళ్ళు పట్టింది. ఇప్పుడేమో నిన్నగాక మొన్నొచ్చినోళ్ళకి ముందిస్తున్నారు. ఆవిడ వొస్తేనే దారిలో పడుద్ది."

మోహిని ఉలిక్కిపడింది. పలాస నుంచి ఇంత దూరం తను ఎవరిని ఆపడానికి వచ్చిందో, ఆ వైపు మనిషి ఇలా ఉంటుందని ఆమె ఊహించలేదు. యానాం మాట, పట్టంచు చీర, బేకరీ వీధి చుట్టరికం. కోపం రాలేదు. నెమ్మదిగా అడిగింది.

"మీరెప్పుడెల్లినారు పిన్నీ, ఆ దేశం?"

"డెబ్భై ఎనిమిదిలో."

"అప్పుడు మిమ్మల్నెవురూ నిన్నగాక మొన్నొచ్చినోల్లని అన్లేదా?"

శశికళ గొడుగు పిడిని చేతిలో తిప్పింది. కాసేపయ్యాక ఆమె మొహంలోకి నవ్వొచ్చింది. "ఎందుకనలేదూ! మా పై అంతస్తు ముసల్ది రోజూ మెట్ల మీద అనేది. చేపల కూర వొండినరోజు ఇంకో నాలుగెక్కువ అనేది." తరవాత మొహం బిగించి, "అయినా నా ఓటు నాదే" అంది.

"మీదే పిన్నీ. కాదన్నానా."

గుమ్మం దగ్గరికి రాగానే శశికళ పక్కకి జరిగి మోహినిని తనకంటే ముందు పంపింది. బల్ల మీద రెండు దొంతరలుగా కాగితాలున్నాయి. ఒకదాని మీద ఆయన పేరు, ఒకదాని మీద ఆవిడ పేరు. రెండూ తీసుకుని, ఒక నీలం కవరు పట్టుకుని తెర వెనక్కి వెళ్ళాలి. ఏది కవర్లో పెట్టావో, ఏది పారేశావో ఎవరికీ తెలియకూడదు. తెర వెనక ఆమె రెండు కాగితాలనూ కాసేపు చూస్తూ నిలబడింది. ఆయన మీద ఆమెకు పెద్ద ఇష్టమేమీ లేదు. ఆయన గురించి తెలిసిందే తక్కువ. కానీ తాత తాగకుండా వదిలేసిన కాఫీ ఆమెకు తెలుసు. కాగితం మడిచి కవర్లో పెట్టింది.

బయటికి వచ్చి పాస్‌పోర్టు చూపించింది. అద్దంలా కనబడే పెట్టె మీది మూత తీస్తే కవరు జారవిడిచింది. పెట్టె వెనకున్న ఉద్యోగి గట్టిగా, గది మారుమోగేలా అన్నాడు:

"ఆ వోటే!"

మోహిని నిలబడిపోయింది. ఆ వోటే? ఏ ఓటు? ఈయనకు తెలుగొచ్చా? తను వేసింది చూసేశాడా? "అవునండీ, ఆ ఓటే" అనేసింది కంగారులో.

వెనకాల శశికళ కడుపు పట్టుకుని నవ్వింది. "అది ఫ్రెంచే పిల్లా! ఓటేసేసింది అని అరవడం వాళ్ళ ఆచారం. అందరికీ అంటారు."

తెలుగులో ఆ మాటకు అర్థమేమిటో శశికళ ఉద్యోగికి ఫ్రెంచిలో చెప్పింది. ఆయన నవ్వేశాడు, బల్ల దగ్గరివాళ్ళంతా నవ్వారు. జాబితాలో తన పేరెదురుగా సంతకం పెట్టమంటే మోహిని తెలుగులో పెట్టింది. యాభై ఒక్క ఏళ్ళ వయసులో, జీవితంలో మొదటిసారి ఒక ఓటర్ల జాబితాలో ఆమె పేరెదురుగా గడి ఖాళీగా లేదు. బయటికొచ్చేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి.

తవిటమ్మ ముందుగా వేలు పట్టుకు చూసింది. "సిరా ఏదే?"

"ఇక్కడ సిరా ఎట్టరత్తా. అరుత్తారు."

"అరుత్తారా! నాకూ ఇనబడింది. ఆ ఓటే అన్నాడు. నాను ఇక్కడ గార్డుతో, సూసినావా, మా పిల్ల ఓటు గురించే సెప్తన్నాడని అన్నాను."

శశికళ ఇద్దరినీ తన ఇంటికి లాక్కెళ్ళింది. ఆమె పులస రోజులు తలుచుకుంటూ వంజరం పులుసు పెడితే, తవిటమ్మ గరిటె అందుకుని చింతపండు మరికాస్త పిండింది. రాజకీయం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మధ్యాహ్నం బస్సు దాకా వచ్చి శశికళ సాగనంపింది. సాయంత్రం చెన్నైలో మెయిలెక్కారు.

సోమవారం పొద్దున్న రైలు విశాఖపట్నంలో ఆగి ఉండగా ఫోను మోగింది.

"యాభై ఎనిమిదిన్నర, నలభై ఒకటిన్నర" అంది శశికళ పలకరింపు లేకుండా. "మీ ఆయనే గెలిచేడు."

మోహిని సీట్లోంచి లేచిపోయింది. తవిటమ్మకి చెప్పింది. పై బెర్తు మీదున్న ఎవరో ఒడియా ఆయనకు కూడా చెప్పింది. తరవాత గుర్తొచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "మీ ఆవిడ ఓడిపోయిందని బాదగుందా పిన్నీ?"

"ఎవరే మా ఆవిడ?" అంది శశికళ. "వరసలో ఏదో అన్నాను. తెర వెనక్కెళ్ళాక ఎవరికేశానో నీకు చెప్పేనా?" అని, నవ్వుతూ ఫోను పెట్టేసింది.

నౌపడ దగ్గర ఉప్పు మళ్ళు మధ్యాహ్నపు ఎండకి తళతళ మెరుస్తుంటే ఇద్దరూ సామాన్లు సర్దుకున్నారు. పలాస ప్లాట్‌ఫారం మీద ఎల్లాజీ ఉన్నాడు, మూడు రోజులు తన వంట తానే తిని కాస్త చిక్కి. పక్కనే జగన్నాథం మాస్టారు, స్వీటు పెట్టెతో.

"చెప్పానా అమ్మా! చెప్పానా గెలవదని!"

మోహిని కాళ్ళకి దండం పెట్టబోతే మాస్టారు వెనక్కి జరిగాడు. "సెప్పినారు మాస్టారూ. కానీ నలభై ఒకటిన్నర."

మాస్టారు స్వీటు పెట్టె తెరుస్తూ తల ఊపాడు. "నిజమే. గోడ నిలబడింది గానీ పల్చబడింది."

"నిలబడ్డాది గదా" అంది తవిటమ్మ, కోవా తీసుకుంటూ. "ముందు తిందాం."

మర్నాడు గ్రేడింగు బల్ల దగ్గర పని గంటసేపు సాగలేదు. మోహిని కవరూ, తెరా, పెట్టే అన్నీ చేతులతో చూపించి చెప్పింది. సూపర్‌వైజరు కేకలేయడానికి వచ్చి, తనూ వినడానికి నిలబడ్డాడు. ఢిల్లీబాబైతే ఇంటికొచ్చి మరీ అడిగాడు, ఇక్కడ కూడా రెండో రౌండు పెట్టమని ఎవరికి అర్జీ పెట్టాలని.

ఆ జూన్‌లో ఫ్రెంచి పార్లమెంటు ఎన్నికలకు విదేశాల్లో ఉన్నవాళ్ళు ఇంటర్నెట్లోనే ఓటెయ్యొచ్చన్నారు. మాస్టారు పక్కన కూర్చుని చూపిస్తే, మోహిని ఫోన్లోనే వేసేసింది. తవిటమ్మకి అది బొత్తిగా నచ్చలేదు. రైలు లేదు, గోదారి లేదు, అరిచేవాడు లేడు, అదేం ఓటంది.

అధ్యక్షుడి ఎన్నికకి మాత్రం మనిషి వెళ్ళాల్సిందే. అది 2027 ఏప్రిల్‌లో. ఇప్పుడు జగన్నాథం మాస్టారు గెలవదు, గెలవలేరు అన్న మాట వాడటం మానేశాడు. ఆ పార్టీ తరఫున ఎవరు నిలబడినా ఈసారి గెలవొచ్చు కూడా అంటాడు. మొదటి రౌండులో అలిగినవాళ్ళు రెండో రౌండుకి లేచి వెళ్తారా, ఇంట్లో కూర్చుంటారా అన్నదే మొత్తం లెక్క అంటాడు. ఈ లెక్క తనదని మాత్రం చెప్పడు. "మా తవిటమ్మగారి సూత్రం" అంటాడు, ఎక్కడ మాట్లాడినా.

తవిటమ్మకి ఎనభై దాటాయి. మోకాళ్ళకి నూనె రాసుకుంటోంది. ఈసారి ఎల్లాజీ కూడా వస్తానంటున్నాడు. రెండో రౌండు మళ్ళీ వేట నిషేధం రోజుల్లోనే పడేటట్టుంది. ఢిల్లీబాబు భార్య వస్తానంది, ఫ్యాక్టరీ నుంచి మరో ఇద్దరు వస్తామన్నారు. శశికళ ఫోన్ చేసి, గదులేం అక్కర్లేదు, మేడ మీద చాపలేస్తానంది. మొన్న నేను మోహిని ఇంటికి వెళితే, ప్రయాణం సంగతే నడుస్తోంది.

"ఏప్రిల్ నెలాకరుకి టికెట్లు తీత్తే సరిపోద్ది అత్తా" అంటోంది మోహిని.

"అదేటే?" అంది తవిటమ్మ, నూనె సీసా కింద పెట్టి. "ఈపాలి రెండు రౌండ్లకీ ఎల్దాం."